సేఫ్ అంటే ఎవరికి, దేని నుంచి, ఎప్పటిదాకా?

నేను నర్సరీ నుంచి ఇంటర్ దాకా ఇంగ్లీష్ మీడియంలోనే చదివాను. తెలుగులో ఇంత పెద్ద ఆర్టికల్ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకుపోండి. మన క్లబ్‌లో ఒక ఇంగ్లీష్ మాట తీసుకుని దాని అర్థాలు, పుట్టుక, వాడుక తెలుగులో రాయమన్నారు. నేను "సేఫ్" తీసుకున్నాను. రోజుకు పదిసార్లు వాడే మాటే కదా, ఇందులో ఏముంది అనుకుంటున్నారా? నేనూ పోయిన నవంబర్ వరకు అలాగే అనుకున్నాను.

మాది బెల్లంపల్లి. బాపు బొగ్గుబాయిలో సపోర్ట్‌మన్. అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా ఆధారాలు పెట్టే పని. ఆ రోజు నేను డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో ఉన్నాను. మా ఫ్యామిలీ గ్రూప్‌లో అన్న పెట్టిన మెసేజ్ వచ్చింది: "బాపు వాళ్ల షిఫ్ట్‌లో బండ పడ్డదంట. ఆల్ సేఫ్." నేను ఒక దండం ఎమోజీ పెట్టి మళ్లీ లింక్డ్ లిస్ట్ ప్రోగ్రామ్‌లో పడ్డాను. సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. బాపు భుజానికి ఆరు కుట్లు. మా పక్క క్వార్టర్ మామకు కాలు విరిగింది. "మరి సేఫ్ అని పెట్టిన్రు కదమ్మా" అన్నాను. అమ్మ అడిగింది: "సేఫ్ అంటే ఏందే? చచ్చిపోకుంటే సేఫేనా?"

అమ్మకు జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతుకుతూ చదివిందే ఈ పాఠం.

1. ఒక మాట, రెండు దిక్కులు

డిక్షనరీలో సేఫ్‌కి చాలా అర్థాలుంటాయి. అన్నీ కలిపి చూస్తే ముఖ్యమైనవి రెండే.

ఒకటి, హాని జరగని స్థితిలో ఉండటం. "ది చైల్డ్ ఈజ్ సేఫ్" అంటే పాపకు ఏమీ కాలేదు, కాదు.

రెండు, హాని చేయకపోవడం. "ది వాటర్ ఈజ్ సేఫ్" అంటే నీళ్లకు ఏమీ కాలేదని కాదు, ఆ నీళ్లు తాగితే మనకు ఏమీ కాదని.

ఈ రెండూ ఎదురెదురు దిక్కులు. మొదటి దాంట్లో పాప దెబ్బ తినగలిగేది. రెండో దాంట్లో నీళ్లు దెబ్బ కొట్టగలిగేవి. ఇంగ్లీష్ రెండింటికీ ఒకటే మాట వాడుతుంది. అందుకే "ఈజ్ ది డాగ్ సేఫ్?" అని అడిగితే వరదలో కుక్క బతికిందా అనా, లేక ఈ కుక్క కరవదు కదా అనా అన్నది సందర్భాన్ని బట్టే తెలుస్తుంది. తెలుగులో ఈ గందరగోళం రాదు. "కుక్క క్షేమమేనా?" వేరు, "కుక్క కరుస్తదా?" వేరు.

ఈ రెండింటి నుంచే మిగతా వాడుకలు వచ్చాయి. "సేఫ్ సీట్" అంటే ఓడిపోయే భయం లేని నియోజకవర్గం. "సేఫ్ బెట్" అంటే దాదాపు ఖాయం. "సేఫ్ డ్రైవర్" అంటే జాగ్రత్తగా నడిపేవాడు. "ప్లే సేఫ్" అంటే రిస్క్ తీసుకోకపోవడం. నౌన్‌గా "ఎ సేఫ్" అంటే డబ్బు, నగలు దాచే ఇనప్పెట్టె. మన క్యాంపస్‌లో అయితే "75 శాతం అటెండెన్స్ ఉంటే సేఫ్" అన్నదే అన్నిటికన్నా ముఖ్యమైన అర్థం!

2. వాడుకలో గుర్తుంచుకోవాల్సినవి

సేఫ్ తర్వాత ఏ చిన్న మాట వస్తుందో చూడండి, అర్థం దాని మీదే నడుస్తుంది.

సేఫ్ ఫ్రమ్: ప్రమాదం ఏదో చెబుతుంది. "సేఫ్ ఫ్రమ్ ఫైర్" అంటే మంట నుంచి సేఫ్. నీళ్ల సంగతి ఇందులో లేదు.

సేఫ్ ఫర్: ఎవరికో చెబుతుంది. "సేఫ్ ఫర్ అడల్ట్స్" అంటే పెద్దవాళ్లకు సరే. పిల్లలకు ఇవ్వొచ్చని కాదు.

సేఫ్ టు: ఏ పనికో చెబుతుంది. "సేఫ్ టు డ్రింక్", "సేఫ్ టు టచ్". స్నానానికి పనికొచ్చే నీళ్లన్నీ తాగడానికి పనికిరావు.

సేఫ్ విత్: ఎవరి చేతిలోనో చెబుతుంది. "యువర్ సీక్రెట్ ఈజ్ సేఫ్ విత్ మీ."

ఇంకొకటి, పలకడంలో. సేఫ్ విశేషణం, సేవ్ క్రియ. ఇలాంటి జంటల్లో చివర ఫ వస్తే విశేషణమో నౌనో, వ వస్తే క్రియ. బిలీఫ్, బిలీవ్. ప్రూఫ్, ప్రూవ్. అదే జంట పద్ధతి. మన ల్యాబ్‌లో సగం మంది "ఫైల్ సేఫ్ చేశావా?" అంటారు. ఫైల్‌ని సేవ్ చేస్తాం, చేశాక అది సేఫ్.

సేఫ్‌కీ సెక్యూర్‌కీ తేడా కూడా తెలుసుకోవాలి. సెక్యూర్ లాటిన్‌లో "సే" అంటే లేకుండా, "కూరా" అంటే చింత అనే రెండు ముక్కలతో వచ్చింది. అంటే చింత లేని అని. ఇంజనీరింగ్‌లో మామూలుగా అనుకోకుండా జరిగే ప్రమాదాలకు సేఫ్టీ అనీ, కావాలని ఎవరైనా చేసే దాడికి సెక్యూరిటీ అనీ వాడతారు. బ్రేక్ ఫెయిల్ కాకుండా చూడటం సేఫ్టీ, బండి ఎత్తుకుపోకుండా చూడటం సెక్యూరిటీ.

3. పుట్టుక: సేఫ్, సర్వం చుట్టాలు

సేఫ్ ఇంగ్లీష్‌లోకి సుమారు 1300 ప్రాంతంలో పాత ఫ్రెంచ్ మాట "సౌఫ్" నుంచి వచ్చింది. దానికి మూలం లాటిన్ "సల్వుస్". దెబ్బ తగలని, ఆరోగ్యంగా ఉన్న, చెక్కు చెదరని అని అర్థం. సేవ్, సాల్వేజ్, సాల్వేషన్, అన్నీ ఆ ఇంటివే. సెల్యూట్ కూడా ఆ కుటుంబమే. ఎదుటివాడు ఆరోగ్యంగా ఉండాలని పలికే పలకరింపు అది.

ఇక్కడే నాకు బాగా నచ్చిన విషయం. 1786లో విలియం జోన్స్ కలకత్తాలో ఒక ఉపన్యాసంలో సంస్కృతం, గ్రీక్, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలి అన్నాడు. ఆ దారిలో పోయిన భాషాశాస్త్రవేత్తలు లాటిన్ "సల్వుస్", సంస్కృత "సర్వ", గ్రీక్ "హోలోస్" మూడూ ఒకే ధాతువు బిడ్డలని తేల్చారు. మూల అర్థం: మొత్తం, ముక్క పోకుండా నిండుగా ఉన్నది. స గ్రీక్‌లో హ ఎలా అయిందంటారా? సంస్కృతంలో సప్త, లాటిన్‌లో సెప్టెమ్, గ్రీక్‌లో హెప్టా. సెప్టెంబర్‌కీ హెప్టగాన్‌కీ మధ్య తేడా అదే.

అంటే మనం "సర్వం" అన్నప్పుడల్లా సేఫ్‌కి అన్నో చెల్లో అయిన మాట పలుకుతున్నాం. తెలుగు ద్రావిడ భాష కాబట్టి "సర్వం" మనకు సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట. అయినా చుట్టరికం చుట్టరికమే.

ఒక చిన్న హెచ్చరిక. "హోలిస్టిక్" ఈ కుటుంబమే కానీ, ఇంగ్లీష్ "హోల్", అదే డబ్ల్యూతో రాసే మొత్తం, ఈ కుటుంబం కాదు. చూడ్డానికి, వినడానికి, అర్థానికి ఒకేలా ఉన్నా దాని మూలం వేరు. ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టాలు కారు.

"సేఫ్ అండ్ సౌండ్"లో సౌండ్ కూడా అలాంటిదే. అది చప్పుడు కాదు. పాత ఇంగ్లీష్ "గెసుండ్", ఆరోగ్యంగా అని. జర్మన్‌లో తుమ్మితే అనే "గెసుంట్‌హైట్" దాని చుట్టమే.

ఈ కుటుంబంలో ఇంకొక్కరున్నారు: "సాలిడ్". లాటిన్ "సోలిదుస్", గట్టి అని. అది కూడా అదే ధాతువు. దీన్ని గుర్తు పెట్టుకోండి, బాయిలోకి దిగాక పనికొస్తుంది.

ఇక నేను ఆగిపోయిన చోటు. ఫ్రెంచ్‌లో అదే సౌఫ్ ఇప్పుడు "తప్ప" అనే అర్థంలో కూడా వాడతారు. ఇంగ్లీష్‌లోనూ "సేవ్" అలా ఉంది: "ఆల్ సేవ్ వన్" అంటే ఒక్కరు తప్ప అందరూ. ఆ ఒక్కరిని పక్కన ఉంచి మిగతావాళ్ల గురించి చెప్పడం. మా గ్రూప్‌లో వచ్చింది "ఆల్ సేఫ్". మామ మాట కలిపితే అది "ఆల్ సేవ్ వన్" కావాల్సింది.

4. బాయిలో సేఫ్

సేఫ్ అనే మాటకు బొగ్గుగనులతో పాత సంబంధం ఉంది. 1812లో ఇంగ్లాండ్‌లోని ఫెల్లింగ్ గనిలో పేలుడు జరిగి 92 మంది చనిపోయారు. గనిలో ఊరే మీథేన్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. అప్పట్లో వెలుగంటే మంటే. 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నటి లోహపు జాలీ పెట్టిన దీపం తయారు చేశాడు. జాలీ తీగలు వేడిని పీల్చి పంచేస్తాయి, కాబట్టి బయటి గ్యాస్ అంటుకునేంత వేడెక్కదు. ఇంచుమించు అదే సమయంలో జార్జ్ స్టీఫెన్‌సన్ కూడా ఇలాంటి దీపమే చేశాడు. దాని పేరే సేఫ్టీ ల్యాంప్. గ్యాస్ ఉంటే మంట మీద నీలిరంగు టోపీలా కనిపిస్తుంది, ఆక్సిజన్ తగ్గితే మంట ఆరిపోతుంది. అంటే దీపమూ అదే, సెన్సారూ అదే.

కానీ ల్యాంప్ రాగానే ప్రమాదాలు ఆగిపోలేదు. అంతకుముందు గ్యాస్ ఎక్కువని వదిలేసిన చోట్లకు కూడా ఇప్పుడు సేఫ్టీ ల్యాంప్ ఉంది కదా అని మనుషుల్ని పంపారు. జాలీ తుప్పు పట్టినా, చిన్న తీగ తెగినా అది మామూలు మంటే. సేఫ్ అనే పేరు చూసి ఎక్కువ ప్రమాదంలోకి నడిచారు.

మన దగ్గరికి వస్తే, 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1886లో హైదరాబాద్ డెక్కన్ కంపెనీ ఏర్పడింది, 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ పేరు వచ్చింది. మా దగ్గర బాయి దగ్గరికి పోతే గోడల మీద ఎక్కువగా కనిపించే ఇంగ్లీష్ మాట సేఫ్టీయే.

"దేని నుంచి" అన్న ప్రశ్న బాయిలో ఎంత పెద్దదో రెండు తేదీలు చెప్తాయి. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి చస్నాలా గనిలో 375 మంది, 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్‌ఈపీ గనిలో 17 మంది చనిపోయారు. రెండు చోట్లా వచ్చింది బండ కాదు, గ్యాస్ కాదు. నీళ్లు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు బాపుని సీదా అడిగాను. "బాయి సేఫేనా బాపూ?"

బాపు చాయ్ తాగుతూ నవ్విండు. "ఎప్పుడు అడుగుతున్నవ్ బిడ్డా? పొద్దుగాల సర్దార్ చూసినప్పుడా? నేను కట్టె కొట్టి చూసినప్పుడా? ఇప్పుడా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పిండు. షిఫ్ట్ మొదలయ్యేముందు సర్దార్ పని జాగా తిరిగి గ్యాస్, గాలి, పైకప్పు, పక్క గోడలు చూసి రిపోర్ట్ రాయాలి. ఆ తర్వాత కూడా పనిచేసేవాళ్లు మధ్య మధ్యలో పైకప్పుని కట్టెతోనో రాడ్‌తోనో కొట్టి వింటారు. "కంగు మంటే గట్టిగున్నట్టు. డొల్లగ డబ్బు మంటే లోపల పొర విడిచినట్టు, కిందికెల్లి జరగాలె. పొద్దున కంగుమన్న బండ మధ్యాహ్నం డబ్బు మంటది. రాసిన కాయితం మాత్రం పొద్దుటిదే ఉంటది."

కంగు మంటే గట్టి. గట్టి అంటే సాలిడ్. సాలిడ్, సేఫ్ ఒక ఇంటి బిడ్డలు. లాటిన్ రాని మా బాపు ముప్పై ఏళ్లుగా చెవితో వింటున్నది ఆ ధాతువునే: ముక్క విడవకుండా మొత్తంగా ఉందా లేదా అని.

ఆ రోజు కూడా కొట్టి చూశారట. అప్పుడు కంగుమనే అన్నదట.

5. కోడ్‌లో సేఫ్

మన బ్రాంచ్‌లో కూడా ఈ మాట లేకుండా రోజు గడవదు. టైప్ సేఫ్, మెమరీ సేఫ్, థ్రెడ్ సేఫ్, నల్ సేఫ్టీ. గమనించారా, ఇక్కడ ఒంటరి సేఫ్ ఉండదు. ముందు ఒక మాట తగిలించి దేని విషయంలో సేఫో చెబుతారు. థ్రెడ్ సేఫ్ అయిన ఫంక్షన్ చాలా థ్రెడ్లు ఒకేసారి పిలిచినా డేటా చెడగొట్టదు. దాంట్లో లాజిక్ తప్పు ఉండదని మాత్రం ఎవరూ అనలేదు.

రస్ట్ లాంగ్వేజ్‌లో "అన్‌సేఫ్" అనే కీవర్డే ఉంది. ఆ బ్లాక్‌లో ఉన్న కొన్ని పనులను కంపైలర్ చెక్ చేయలేదు, బాధ్యత రాసినవాడిదే. అన్‌సేఫ్ అంటే తప్పు కోడ్ అని కాదు. ఇక్కడ మనిషి చూసుకోవాలి అని బోర్డు పెట్టడం. పైగా సేఫ్ రస్ట్‌లో రాసినా డెడ్‌లాక్ రావచ్చు. అది ఆ సేఫ్ లెక్కలోకి రాదు.

లెస్లీ లాంపోర్ట్ 1977లో ప్రోగ్రామ్ గుణాలను రెండుగా విడదీశాడు. సేఫ్టీ: చెడు ఎప్పుడూ జరగదు. లైవ్‌నెస్: మంచి ఎప్పటికైనా జరుగుతుంది. ఇందులో తమాషా ఏంటంటే, ఏ పనీ చేయని ప్రోగ్రామ్ సేఫ్టీ పరీక్ష పాసవుతుంది. ఏమీ చేయదు కాబట్టి చెడూ చేయదు. అందుకే రెండూ కావాలి.

ఇది చదివినప్పుడు మా ఊరు గుర్తొచ్చింది. బెల్లంపల్లిలో చాలా బాయిలు మూతపడ్డాయి. మూసిన బాయిలో బండ పడి ఎవరికీ దెబ్బ తగలదు. లాంపోర్ట్ లెక్కలో సేఫ్. కానీ దాని మీద బతికిన హోటళ్లు, దుకాణాలు, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. మా బాపు ఇప్పుడు బస్సెక్కి వేరే ఊరి బాయికి పోతాడు. అమ్మకు బాపు సేఫ్‌గా ఉండాలి, బాపుకు పనీ ఉండాలి. ఇంట్లో రెండూ ఒకేసారి అడుగుతారు.

6. తెలుగులో ఏమనాలి?

సేఫ్‌కి ఒక్క తెలుగు మాట వెతికితే దొరకదు, ఎందుకంటే మనకు చాలా ఉన్నాయి.

క్షేమం: సంస్కృతంలో నివసించడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. కుదురుగా ఉండగలగడం. మనిషికే ఎక్కువగా వాడతాం. "యోగక్షేమాలు" అన్నప్పుడు యోగం లేనిది రావడం, క్షేమం ఉన్నది నిలవడం.

భద్రం: మూలంలో శుభం, మంచి అని. తెలుగులో "డబ్బు భద్రంగా పెట్టు" అన్నట్టు దాచడానికి వాడతాం.

సురక్షితం: బాగా రక్షించబడినది. "సురక్షిత మంచినీరు" అని బోర్డుల మీద చూస్తాం. సేఫ్‌కి ఉన్న రెండో అర్థాన్ని మోస్తున్న మాట ఇదే.

పదిలం: మన మాట. జాగ్రత్తగా, చెడిపోకుండా. "గుండెలో పదిలంగా" అంటాం.

పైలం: ఇది మా వైపు మాట. అమ్మ నా చిన్నప్పటి నుంచి బాపు టిఫిన్ డబ్బా చేతికిస్తూ రోజూ అనేది ఇదే: "పైలం." నేను హాస్టల్‌కి బయల్దేరినా అంతే: "పైలం బిడ్డా."

పైలం సేఫ్‌కి అనువాదం అనుకునేదాన్ని. కాదని ఇప్పుడు తెలుస్తుంది. సేఫ్ ఒక స్థితి గురించి చెబుతుంది, అంతా అయిపోయినట్టు. పైలం అన్నప్పుడు చేయాల్సిన పని ఇంకా ఉంది: చూసుకో, విను, ఆగు, మళ్లీ కొట్టి చూడు. "నాన్న సేఫ్" అని వాక్యం రాయొచ్చు. "నాన్న పైలం" అని సమాచారం ఇవ్వలేం, నాన్నకే చెప్పాలి. రెండూ కావాలి. షిఫ్ట్‌కి పోయేముందు పైలం, తిరిగొచ్చాక క్షేమం. మధ్యలో ఎనిమిది గంటలు ఏ మాటా సరిపోదు.

7. చివరగా

అన్న మీద నాకు కోపం లేదు. వాడు భయంలో దొరికిన మాట పెట్టాడు. ఆ మాటతో ఆగిపోయింది నేనే. "ఎవరెవరు సేఫ్? దెబ్బలేమన్నా తగిలినయా?" అని రెండు లైన్లు టైప్ చేయడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట నాకు ల్యాబ్‌కి తిరిగి పోవడానికి పర్మిషన్‌లా పనికొచ్చింది.

మామ ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిట్లో నడుస్తున్నాడు. బాపు కుట్లు మానిపోయాయి, మళ్లీ షిఫ్ట్‌కి పోతున్నాడు. మా గ్రూప్‌లో ఇప్పుడు ఒక అలవాటు పెట్టుకున్నాం. ఎవరైనా సేఫ్ అని పెడితే మిగతావాళ్లు మూడు ప్రశ్నలు అడుగుతారు: ఎవరు, దేని నుంచి, ఎప్పటి మాట? మొదట్లో అన్న విసుక్కున్నాడు. పోయిన నెల వాడే పెట్టాడు: "బాపు నైట్ షిఫ్ట్ అయిపోయింది, 7:40కి బస్సు దిగిండు, దెబ్బలేం లేవు, ఇడ్లీ తింటుండు." అందులో సేఫ్ అనే మాటే లేదు. అది చూసి అమ్మ మొదటిసారి గ్రూప్‌లో తనే ఎమోజీ పెట్టింది.

మీకో చిన్న హోంవర్క్. ఈ వారం మీరు పంపిన మెసేజ్‌లలో సేఫ్ ఎక్కడెక్కడ ఉందో వెతికి, పక్కన ఎవరికి, దేని నుంచి, ఎప్పటిదాకా రాసి చూడండి. అలాగే మీ ఊళ్లో బయటికి పోయేవాళ్లకు ఇంట్లోవాళ్లు ఏ మాట చెప్పి పంపుతారో క్లబ్‌కి రాయండి. పైలం లాంటి మాటలు ఇంకెన్ని ఉన్నాయో వచ్చే సంచికలో చూద్దాం.

అప్పటిదాకా, పైలం.